ఆయిల్ లైటు వెలిగిన ఉదయం

ప్రయాణానికి సామాను సర్దేసి, దూరం వెళ్లాలి కదా అని కూతురు కారు స్టార్ట్ చేసి కాసేపు వదిలింది. ఇంజన్ వేడెక్కేసరికి స్టీరింగు వెనక ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమినుకుమంది. ఆ పాత డీజిల్ కారుకి పేచీలు కొత్త కాదు గానీ, ఈ పేచీ మాత్రం ఆషామాషీది కాదు. ఆయిల్ ఒత్తిడి నిజంగా పడిపోతే ఇంజన్ నడిదారిలో బిగుసుకుపోయి పట్టేస్తుంది.

ఇంటి ముందున్న షెడ్డులోంచి తండ్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చుట్టుపక్కల డీజిల్ బళ్లన్నిటికీ ఆయనే డాక్టరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేస్తాడు. కొలిచే పరికరాలంటే ఆయనకి మహా చులకన.

ఇవాళా అలాగే విన్నాడు. "లోపలంతా శుభ్రంగా ఉంది. లైటు వెలిగించే స్విచ్ పోయింది, అంతే. నువ్వు బయల్దేరు," అన్నాడు.

ఆ మాట ఆమెకి చురుక్కుమంది. ఆఫీసు ఉద్యోగం మానుకుని, ఇష్టపడి, తండ్రి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల ఆమె. వచ్చిన కొత్తలో బాగానే ఉండేది. పోనుపోను ఆయన ఉలుకూ పలుకూ లేని మనిషైపోయాడు. పని చేసుకుంటూ వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడడు, ఏదైనా అడిగితే ఊ కొట్టడు. ఎంతకని ఓర్చుకుంటుంది పాపం! వేరే ఊళ్లో మళ్లీ ఉద్యోగం చూసుకుంది.

"గేజి పెట్టి చూశాకే కదులుతాను," అంది పట్టుదలగా.

ఇంజన్ ఆపి, డిప్‌స్టిక్ లాగి చూసింది. ఆయిల్ ఉండాల్సినంత ఉంది, వేళ్లమధ్య రుద్దితే పల్చబడిందీ లేదు. స్విచ్ విప్పి, దాని చోట ఒత్తిడి చూపించే గేజి బిగించి మళ్లీ స్టార్ట్ చేసింది. ముల్లు కాస్త లేచినట్టే లేచి కిందికి వాలిపోయింది. ఆక్సిలరేటర్ కొంచెం నొక్కితే లోపల టక్ టక్‌మని కొట్టుకుంది.

"స్విచ్ కాదు నాన్నా, బేరింగే అరిగిపోయింది. వినపడట్లేదూ?"

ఆయన మళ్లీ స్క్రూడ్రైవరు ఆనించాడు. "ఎక్కడే? ఏ చప్పుడూ లేదు. నీ గేజీకే ఏదో అయ్యుంటుంది."

"నా పీడ విరగడైతే చాలనుకుంటున్నావ్, అంతేగా!" ఆమె స్టీరింగు మీద చేత్తో చరిచింది. "దారిలో బండి పట్టేసి నేనేమైపోయినా నీకు ఫర్వాలేదు!"

"ఎందుకే అలా అరుస్తావు?" అన్నాడాయన అయోమయంగా.

అంతలో తల్లి తడిచేతులతో బయటికొచ్చింది. కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో తప్ప ఇంకేమీ తెలియని మనిషి. "ఏంటండీ ఆ చప్పుడు? సుత్తి పెట్టి బాదుతున్నట్టు వంటింట్లోకి వినిపిస్తోంది!"

కూతురు చటుక్కున ఇంజన్ ఆపేసింది. ఆయన భార్య మొహంలోకి చూశాడు.

"నీకూ వినపడిందా?" అన్నాడు మెల్లగా.

కూతురు దిగి వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడింది. "ఎన్నాళ్లనుంచి నాన్నా?"

"ఏమోనమ్మా. మొదట్లో బళ్లన్నీ మెత్తగా నడుస్తున్నాయే అని మురిసిపోయాను." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "తర్వాత తెలిసొచ్చింది. చెవులు పోయిన మెకానిక్‌ని ఎవరు నమ్ముతారే? ఎదురుగా ఉన్నవాళ్ల పెదవుల్ని బట్టి మాటలు పోల్చుకుంటూ నెట్టుకొచ్చాను, మీ అమ్మక్కూడా చెప్పలేదు."

"నేను పిలిస్తే పలకట్లేదని, నేనిక్కడుండటం నీకిష్టం లేదనుకున్నాను."

"పిలిచావా? ఎప్పుడు?"

"రోజూ."

"నువ్వే నాతో మాటలు మానేశావనుకున్నానే. పిల్లకి ఈ మసి, ఈ నూనె మొహం మొత్తిందిలే, ఆపితే పాపం అనుకున్నాను. అందుకే బయల్దేరమన్నాను." అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. తల్లి కూడా కొంగుతో కళ్లొత్తుకుంది.

కూతురికి తన మీద తనకే కోపమొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన వీపుతో మాట్లాడి, వీపు మీదే అలిగింది. ఒక్కసారైనా ముందుకొచ్చి మొహం చూసిందా?

ఆయన రెండు చేతులూ పట్టుకుని, కళ్లలోకి చూస్తూ గట్టిగా, "నాన్నా!" అని పిలిచింది.

"ఊఁ, చెప్పు తల్లీ," అన్నాడాయన.

"నేను వెళ్లను."