రాజ్యం సంతకం

గుంటూరు బ్రాడీపేటలోని ఆ ఇంట్లో కనకలక్ష్మి పొయ్యి మీంచి ఇడ్లీలు దించేసరికే, హాల్లో తండ్రీకూతుళ్ళ గొంతులు పైకి లేచాయి. రాధాకృష్ణమూర్తి లా కాలేజీలో ముప్ఫై ఏళ్ళు రాజ్యాంగం పాఠం చెప్పి రిటైరయ్యాడు. కూతురు శరణ్య హైకోర్టులో లాయరు. వాళ్ళిద్దరూ వాదించుకోని రోజంటూ లేదు. అయితే ఇవాళ్టి వాదన వరండాలో కూర్చున్న మనిషి గురించి.

ఆమె పేరు రాజ్యం. దర్శి దగ్గర పత్తి తీతకు వెళ్ళే కూలీ. ఇద్దరు ఆడపిల్లలున్నారు. మూడో నెల కడుపుతో ఉండగా మొగుడు ఇంకొకామెతో వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇరవై రెండో వారం. ఇరవై దాటితే, ఇరవై నాలుగు దాకా కొందరు ఆడవాళ్ళకే నిబంధన ఒప్పుకుంటుంది. గర్భం తీయించుకుంటానంటే ఆస్పత్రివాళ్ళు విడాకుల కాగితమైనా, భర్త సంతకమైనా తెమ్మన్నారు. పదకొండింటికి హైకోర్టులో ఆమె తరఫున శరణ్య వేసిన పిటిషన్ విచారణకొస్తుంది. ఇంకో రెండు వారాలు గడిస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

"నిబంధనలో భర్త పోయినవాళ్ళున్నారు, విడాకులైనవాళ్ళున్నారు. భర్త వదిలేసినవాళ్ళని ఎక్కడుందమ్మా?" అన్నాడు రాధాకృష్ణమూర్తి.

"అసలు ఆ నిబంధన ఎందుకు పెట్టారు నాన్నా? కడుపుతో ఉండగా ఒంటరైపోయిన ఆడదాని కోసమేగా? సుప్రీంకోర్టు కూడా విశాలంగానే చదవమంది. జీవించే హక్కంటే ఊపిరి పీల్చుకోవడమొక్కటేనా?"

"ఆ తీర్పే నేనొప్పుకోను. ఇవాళ నువ్వు మాటల్ని ఇటు లాగితే రేపు ఇంకొకడు అటు లాగుతాడు. చట్టం చాలకపోతే పార్లమెంటు మార్చాలి. రాసింది రాసినట్టు చదవడమే జడ్జి పని."

"వాళ్ళు మార్చేదాకా కడుపు ఆగుతుందా?"

ఇడ్లీ పళ్ళెం పట్టుకుని వరండాలోకి వచ్చిన కనకలక్ష్మిని చూసి రాజ్యం లేచి నిలబడింది. "అమ్మగారూ, కుదరదంటన్నారా అయ్యగారు? ఈ ఇద్దరికే కూడు పెట్టలేకపోతన్నానమ్మా. నా మాట ఎవురూ అడగరేంది?"

కనకలక్ష్మి పళ్ళెం ఆమె చేతికిచ్చి తిన్నగా హాల్లోకి వెళ్ళింది.

"ఏవండీ, ఒక్క మాట చెప్పండి. కడుపు తీయించుకోవడానికి మొగుడి సంతకం కావాలని చట్టంలో ఉందా?"

రాధాకృష్ణమూర్తి తడబడ్డాడు. "లేదు. మేజరైతే ఆవిడ ఒప్పుకుంటే చాలు."

"శరణ్యకి ఏడాది నిండకుండానే నాకు మళ్ళీ నెల తప్పింది. ఒంట్లో రక్తం లేదు, తీసేస్తానంది డాక్టరమ్మ. నర్సు మీ సంతకం అడిగింది. మీ అమ్మగారు ఒప్పుకోరంటూ మీరు పెట్టలేదు. అప్పుడు కూడా చట్టంలో ఇదే ఉందా?"

"ఉంది."

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఏడో నెలలో బిడ్డ పోయింది. నేనూ పోవాల్సినదాన్నే. రాసింది రాసినట్టు చదవాలన్న మనిషి ఆ రోజెందుకు చదవలేదండీ?"

శరణ్య చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టేసి తల్లి చెయ్యి పట్టుకుంది. ఈ సంగతి ఆ పిల్లకి ఇన్నేళ్ళుగా తెలియదు.

రాధాకృష్ణమూర్తి కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "అక్షరం అక్షరం అంటూ, నాకు అనుకూలమైన చోటే చదివాను కనకం" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత కూతురివైపు తిరిగాడు. "నిబంధన సంగతి నీ పద్ధతిలోనే వాదించు. భర్త సంతకం మాటకి మాత్రం సెక్షన్ ఉన్నదున్నట్టు చదివి వినిపించు. అక్కడ మనిద్దరికీ తేడా లేదు. పదండి, నేనూ వస్తాను."

జడ్జిగారు రెండు వాదనలూ ఓపిగ్గా విన్నారు. డాక్టర్ల చేత రాజ్యాన్ని పరీక్ష చేయించి, మూడో రోజుకల్లా అనుమతి ఇచ్చారు. ఆ మాట వినగానే రాజ్యం కోర్టు మెట్ల మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడు ఆస్పత్రిలో నర్సు ఫారం తెచ్చి, "భర్త రాలేదా?" అంది.

శరణ్య నోరు తెరిచేలోపే రాధాకృష్ణమూర్తి ముందుకొచ్చాడు. "అక్కర్లేదమ్మా. ఆవిడ సంతకం చాలు. చట్టం అంతే."

రాజ్యం పెన్ను గట్టిగా పట్టుకుని ఒక్కో అక్షరమే రాసింది. కనకలక్ష్మికి కన్నీళ్ళు ఆగలేదు. రాధాకృష్ణమూర్తి వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఈ మాట ఆ రోజే అనాల్సింది" అన్నాడు. "అనాల్సింది" అంది ఆమె. అంటూనే ఆయన చెయ్యి పట్టుకుంది.

సాయంత్రానికి రాజ్యానికి మెలకువొచ్చింది. డాక్టరమ్మ చూసి, భయమేమీ లేదంది.

"అమ్మగారూ, మా ఇంటికోసారి ఫోన్ కలపండి. ఎల్లుండి వచ్చేస్తానని పిల్లలకి చెప్పాల" అంది రాజ్యం.

కనకలక్ష్మి నవ్వుతూ ఫోన్ తీసింది.