లంక పెట్టెకు జవాబు

నవంబరులో వాయుగుండం పట్టి ముసురు వదలని రోజుల్లో నేను ముమ్మిడివరం వైపు వెళ్ళాల్సి వచ్చింది. నా పేరు ఉదయ్‌కుమార్. మాది రాజమండ్రి. చిన్న చిన్న ఇంటర్నెట్ కంపెనీలకు సర్వర్లు పెట్టి ఇవ్వడం నా పని.

ఆ రోజు పని అచ్చిబాబు గారి ఆఫీసులో. ఆయన చుట్టుపక్కల ఊళ్ళకీ, గోదావరి పాయల మధ్యనున్న లంకలకీ ఇంటర్నెట్ లైన్లు ఇస్తారు. ఒక్కో ఊళ్ళో ఒక చిన్న రేకుల గది, అందులో ఒక పెట్టె ఉంటాయి. కరెంటు పోయినా, లైను తెగినా, ఎవరైనా గది తలుపు తీసినా ఆ పెట్టె ఆఫీసులోని సర్వర్‌కి ఒక కబురు పంపుతుంది. ఆ కబుర్లు అందుకునే పాత సర్వర్ ఆగస్టు వరదల్లో నీళ్ళపాలైంది. అప్పట్నుంచి ఏ ఊళ్ళో ఏం పోయిందో జనం ఫోన్ చేసి తిడితే గానీ తెలియడం లేదు. అందుకే ఈసారి కొత్త సర్వర్‌ని మేడ మీద గదిలో పెట్టించారు.

ఆ గది బయట హాల్లో ఒకామె కూర్చుని ఫిర్యాదుల ఫోన్లు తీసుకుంటోంది. తెల్ల చీర, సన్నటి మనిషి. "చెప్పండి... అలాగేనండి... కనుక్కుని చెప్తామండి..." అంటూ ఎంత తిట్టినా ఒకే గొంతుతో మాట్లాడుతోంది. పేరు బేబి అని అచ్చిబాబు గారు చెప్పారు. నాకు టీ తెచ్చిచ్చి, సర్వర్ వైపు చూస్తూ అడిగింది.

"ఇది పని మొదలెడితే అన్ని ఊళ్ళ నుంచీ కబుర్లు వస్తాయాండీ?"

"నేను పేరు చేర్చిన ప్రతి పెట్టె నుంచీ వస్తాయండి."

ఇంకేదో అడగబోయి, ఫోన్ మోగితే వెళ్ళిపోయింది.

పని సాఫీగానే సాగింది. ఒక్కో పెట్టె పేరూ, దాని రహస్యపదమూ సర్వర్‌కి నేర్పాను. ఈ కబుర్లలో రెండు రకాలుంటాయి. కొన్నిటిని పెట్టె ఒక్కసారి విసిరేసి మరిచిపోతుంది. ముఖ్యమైనవి అలా కాదు. సర్వర్ 'అందింది' అని జవాబిచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది. పేరు చేర్చని పెట్టె నుంచి ఏదైనా వస్తే సర్వర్ దాన్ని తెలియని కబురుగా ఒక పక్కన చూపిస్తుంది గానీ జవాబివ్వదు.

వాటిలో నాకు నచ్చిన కబురొకటి ఉంది. ప్రతి గదిలో గోడకి రెండు కాలింగ్ బెల్ స్విచ్‌లు బిగించారు. లైన్‌మన్ గదిలోకి రాగానే ఒకటి నొక్కుతాడు. ఆఫీసు తెర మీద 'వచ్చాను' అని పడుతుంది. పోయేటప్పుడు రెండోది నొక్కితే 'వెళ్తున్నాను'. మారుమూల లంకల్లో ఒంటరిగా తిరిగే మనుషులు క్షేమంగా ఉన్నారో లేదో తెలియడానికి ఈ ఏర్పాటు.

పొద్దు గూకకుండానే చీకటి కమ్ముకుంది. బయట కొబ్బరిచెట్లు గాలికి ఊగిపోతున్నాయి. కరెంటు పోయింది. బ్యాటరీ మీద సర్వర్ ఒక్కటే సన్నగా రొద చేస్తోంది. తెర వెలుగు తప్ప గదిలో ఇంకేమీ కనబడడం లేదు.

అప్పుడు తెర పక్కన ఒక వరస మెరిసింది.

తెలియని కబురు. తాడికోన లంక. వచ్చాను.

ఆ పేరు నేను చేర్చలేదు. చేర్చమని నాకెవరూ చెప్పలేదు. కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తున్న అచ్చిబాబు గారిని పిలిచాను. "ఈ లంక సంగతి చెప్పలేదేంటండీ? మీ వాళ్ళెవరో అక్కడికి వెళ్ళినట్టున్నారు."

ఆయన వంగి చూశారు. ముఖంలో రంగు మారిపోయింది. ముందుగా వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"మెల్లగా మాట్లాడండి," అన్నారు. "ఆ పెట్టె ఇప్పుడు లేదండి. గదితో సహా వరద పట్టుకుపోయింది."

"మరి ఈ కబురు..."

"అప్పుడు లోపల మా లైన్‌మన్ యెహెజ్కేలు ఉన్నాడండి. బేబి వాళ్ళాయన."

ఆయన చెప్పింది ఇది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజున లంకలో సెల్ టవర్ ఆగిపోయింది. జనం డాబాల మీదికెక్కారు. పడవల వాళ్ళని పిలవాలంటే అచ్చిబాబు గారి లైను ఒక్కటే దిక్కు. బ్యాటరీ నీళ్ళలో మునిగితే అదీ పోతుంది. ఎవరూ చెప్పకుండానే యెహెజ్కేలు లంకకి వెళ్ళే చివరి పడవెక్కి వరదకి ఎదురెళ్ళి, బ్యాటరీని అటక మీదికెక్కించి, వైర్లు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. జనం ఫోన్లు చేసుకున్నారు. పడవలొచ్చాయి. అందరూ బయటపడ్డారు. యెహెజ్కేలు కోసం ఆఖరి పడవ వెనక్కి వెళ్ళేసరికి గది ఉన్నచోట సుడి తిరుగుతోంది.

"శవం కూడా దొరకలేదండి. పాస్టరు గారు జ్ఞాపకార్థ కూడిక పెడదామమ్మా అంటే బేబి వద్దంది. ఇంట్లో కూర్చోలేక ఇక్కడికొచ్చి ఫోన్ల దగ్గర కూర్చుంది. కబురేదైనా వస్తే ముందు ఆఫీసుకే కదా వస్తుంది, అంటుంది."

నేను లెక్క ప్రకారం ఆలోచించాను. వేరే ఏ పెట్టెకో పొరపాటున ఈ పేరే పెట్టి ఉంటారు. కబురు ఏ దారిన వస్తోందో వెతికాను. గది మూలన ఊళ్ళ వైర్లన్నీ వచ్చి చేరే ఇనప బీరువాలో ఏడో రంధ్రం అని తెర చూపించింది. ఫోన్ లైటు వేసుకుని వెళ్ళి చూశాను.

ఆ రంధ్రంలో వైరు లేదు.

ఖాళీగా ఉంది. దుమ్ము పట్టి ఉంది. దాని మీదున్న చిన్న పచ్చలైటు మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది... ఊపిరి పీల్చి వదిలినట్టు.

అప్పుడే వాసన తెలిసింది. కొత్త సున్నం వేసిన మేడగదిలో వరద బురద వాసన. కుళ్ళిన అరటిబోదెలు, నానిన గోనెసంచులు, ఎర్రనీళ్ళు. అచ్చిబాబు గారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అంటే నాకొక్కడికే కాదు.

తెర మళ్ళీ మెరిసింది.

వచ్చాను.

వచ్చాను.

వచ్చాను.

ఒకదాని కింద ఒకటి. మొదట నెమ్మదిగా... తర్వాత తొందర తొందరగా. తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే ఇంకా గట్టిగా తట్టే మనిషిలాగా.

"ఆపెయ్యండి సార్," అచ్చిబాబు గారు నా భుజం పట్టుకుని గుసగుసలాడారు. "ఆ పేరు రాకుండా చేసెయ్యండి. బేబి చూడకముందే..."

ఆపడం తేలికే. ఫలానా పెట్టె నుంచి ఏం వచ్చినా పారెయ్యమని ఒక్క ఆజ్ఞ రాస్తే చాలు. రాశాను. ఇంక నొక్కడమే.

"నొక్కకండి సార్."

తలుపు ఎప్పుడు తీసిందో తెలియదు. బేబి నా వెనకాలే నిలబడి ఉంది. తెర వెలుగులో ఆమె కళ్ళు ఆ వరసల మీదే ఉన్నాయి. భయపడుతున్నట్టు లేదు. ఎదురుచూసి చూసి అలిసిపోయిన వాళ్ళు బస్సు వస్తే చూస్తారే, అలా చూస్తోంది.

"ఆ రోజు కూడా ఇదే వచ్చిందండి," అంది. "నేను భోజనం క్యారేజీ తెచ్చి కింద ఆఫీసులో కూర్చున్నాను. 'వచ్చాను' అని పడింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో కింద గదిలోకి నీళ్ళొచ్చేశాయి. సర్వర్ ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఏం నొక్కారో మాకు తెలియలేదు." తెర మీద ఇంకో వరస పడింది. "ఆయనకి కూడా తెలియలేదేమో కదండీ... మాకు అందిందో లేదో."

ఆమె తెర వైపు వేలు చూపించింది.

"ఇది ఇన్నిసార్లు ఎందుకొస్తోంది సార్?"

అబద్ధం చెప్పాలని ఉంది. చెప్పలేకపోయాను. "అందింది అని ఇక్కణ్ణించి జవాబు వెళ్ళేదాకా పెట్టె పంపుతూనే ఉంటుందమ్మా. అప్పుడున్న సర్వర్ జవాబు పంపకముందే మునిగిపోయింది. జవాబిచ్చేవాళ్ళు లేరు."

"ఇస్తే?"

"ఆగిపోతుంది."

ఆమె కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. వరసలు పడుతూనే ఉన్నాయి. వేలు పెట్టి ఒక వరసని తాకింది. పసిపిల్లాడి బుగ్గ తాకినంత మెల్లగా. తాకిన చోట తెర మీద సన్నటి నీటిచుక్కలు పట్టాయి. లోపలి వైపు నుంచి.

"ఇలాగే వదిలేస్తే రోజూ వస్తారు కదండీ?" అంది. "వచ్చాను, వచ్చాను అని... నేను రోజూ చూసుకోవచ్చు."

"బేబమ్మా..." అచ్చిబాబు గారు ఒక అడుగు ముందుకేశారు.

వాన జోరు హెచ్చింది. ఎక్కడో గుడి మైకు ఒక ముక్క పలికి ఆగిపోయింది. తర్వాత ఆమె తనలో తను అనుకున్నట్టు అంది.

"అటక మీద కూర్చుంటే ఆయనకి నడుం పట్టేస్తుందండి. మంచం మీద కూడా అటూ ఇటూ దొర్లుతూనే ఉండేవారు. ఇన్నాళ్ళు అలాగే కూర్చుని... స్విచ్ నొక్కుతూ..." చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "చెప్పెయ్యండి సార్. అందిందని చెప్పెయ్యండి."

నేను రాసిన ఆజ్ఞ చెరిపేశాను. తాడికోన లంక అని పేరు చేర్చాను. రహస్యపదం అచ్చిబాబు గారు చెప్పారు. ఆఖరి మీట నొక్కబోతుంటే ఆమె నా చెయ్యి పక్కకి జరిపి తనే నొక్కింది.

వరసలు ఆగిపోయాయి.

సర్వర్ రొద కూడా ఆగినట్టే అనిపించింది. చెవుల్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పచ్చలైటు ఆరిపోయింది. ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాం...

ఒక్క వరస పడింది.

తాడికోన లంక. వెళ్తున్నాను.

బేబి రెండు చేతులూ తెరకి అటూ ఇటూ పెట్టి, నుదురు దానికి ఆనించి ఏడ్చింది. వరదలు వెళ్ళిన తర్వాత ఆమె ఏడవడం అదే మొదలని అచ్చిబాబు గారు నాకు తర్వాత చెప్పారు. మెల్లగా బురద వాసన తగ్గింది. కరెంటు వచ్చింది. నేను ఆఖరి బస్సుకి వెళ్ళలేదు. ఆమెని ఇంటి దగ్గర దింపి, అచ్చిబాబు గారింట్లోనే వరండాలో పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ముసురు విడిచాక అచ్చిబాబు గారు ఫోన్ చేశారు. పల్లంరాజు అనే చేపల వేటగాడు పాయలో వల వేయడానికి వెళ్తే కొత్తగా తేలిన ఇసుక మేటలో రేకుల గది అంచు కనబడిందట. తవ్వి తీశారు. బేబి యెహెజ్కేలుని చొక్కా గుండీలు చూసి గుర్తుపట్టింది. వాటిలో ఒకటి వేరే రంగుది. కుట్టింది తనే.

సమాధి కూడికకి నేనూ వెళ్ళాను. లూథరన్ చర్చి వెనక శ్మశానంలో నేల ఇంకా మెత్తగానే ఉంది. లంక జనమంతా వచ్చారు. బయటపడిన ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు. ముసలమ్మలు బేబి చేతులు పట్టుకుని వదల్లేదు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఆమె తనే మొదటి గుప్పెడు మన్ను వేసింది. ఇప్పుడామె ముఖం తేలిగ్గా ఉంది. నా దగ్గరికొచ్చి, "నడుం వాల్చారండి ఆయన," అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

జనం కదులుతుంటే గేటు దగ్గర పల్లంరాజు నన్ను ఆపాడు. పెద్దవయసు మనిషి, ఎండకి మాడిన ముఖం. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బాబుగారూ, మీరు చదువుకున్నోరు. ఆ గది తీసింది నేనేనండి. అటక దాకా ఒండ్రు కూరుకుపోయుంది. ఆయన ఓ మూల కూర్చునున్నాడు, గోడకి ఆనుకుని."

"అవునట."

"ఆయన పక్కన... ఒండ్రులో ఇంకో గుర్తుందండి. ఎవరో ఆయన భుజానికి ఆనుకుని కూర్చుని లేచెళ్ళినట్టు. చిన్న గుర్తు. నాలుగేళ్ళ పిల్లంత."

చర్చి మెట్ల మీద లంక జనం ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. "లంకలో అందరూ బయటపడ్డారు కదా?"

"అందరూనండి. ఇల్లిల్లూ అడిగాం. పిల్లల్లో ఒక్కరూ తగ్గలేదు." పల్లంరాజు తన కుడి అరచేతిని చూసుకున్నాడు, చొక్కాకి గట్టిగా తుడుచుకున్నాడు. "వరదొచ్చి ఎన్నాళ్ళయిందండి... గోదారి అడుగున ఒండ్రు మంచులాగా ఉంటది. ఆయనున్న చోటూ అలాగే ఉంది. ఎందుకో ఆ చిన్న గుర్తులో చెయ్యి పెట్టి చూశానండి."

"ఏమైంది?"

"ఇప్పుడే లేచెళ్ళినట్టు వెచ్చగా ఉంది బాబుగారూ."