పుల్లమ్మ ఇంటికి సుబ్బమ్మ

పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పుల్లమ్మ మాట్లాడుతూనే ఉంది.

"మబ్బు పట్టినట్టుంది ప్రభువా. ఇవాళ మిరపకాయలు ఆరబోయమంటావా, వద్దంటావా? తడిస్తే మాత్రం నన్ననొద్దు."

వంటింట్లో పాలు కాస్తున్న కోడలు మహిమ నవ్వుకుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఎవరితో మాట్లాడుతోందా అని వాకిట్లోకి తొంగిచూసేది. ఇప్పుడు అలవాటైపోయింది. నందిగామలో ఆ వీధి వీధంతా ఎరిగిన సంగతే అది. పుల్లమ్మకు దేవుడంటే ఆదివారం చర్చికి వెళ్ళి చూసొచ్చే ఆయన కాదు, ఇంట్లో మనిషే. ఎవరైనా చాడీ చెప్పబోతే, "ఊరుకోవే, ఆయన వింటున్నాడు" అనేది. అవతలివాళ్ళు తెలియకుండానే గొంతు తగ్గించేవాళ్ళు.

అన్నానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం కాపురం మొదటి నుంచీ ఉంది గానీ, ఈ మాటలు మొదలైంది మాత్రం సంతోషంలో కాదు. భర్త స్తెఫను లారీ డ్రైవరు. జగ్గయ్యపేట క్వారీల నుంచి సున్నపురాయి తోలేవాడు. అక్కడ టీ కొట్టు పెట్టుకున్న సుబ్బమ్మతో కాపురం పెట్టి, ఇక ఈ గడప తొక్కలేదు. అప్పటికి కొడుకు క్రాంతికుమార్‌కు ఏడేళ్ళు. వాడు బడికి వెళ్ళిపోయాక ఇల్లు మింగేసేలా ఉండేది. ఎవరితోనో ఒకరితో మాట్లాడకపోతే పిచ్చెక్కుతుందనిపించి, పుల్లమ్మ దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆయన వింటున్నాడనిపించింది. ఆ తర్వాత ఆయన ఉన్నాడనే నమ్మకం ఆమెను విడిచిపోలేదు.

రెండేళ్ళ కిందట స్తెఫను పోయాడు. సమాధి చేశాక గానీ కబురు రాలేదు. కడచూపు దక్కలేదు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారైనా నన్ను తలుచుకున్నాడా అన్న ప్రశ్న మాత్రం ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. అన్నీ చెప్పుకునే దేవుడి దగ్గర కూడా ఆ ఒక్కటీ అడగడానికి జంకేది.

చీపురు మూలన పెట్టేసరికి ప్రేమదాసు వచ్చాడు. వాళ్ళ చర్చి సంఘం మనిషే. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. అరుగు మీద కూర్చోకుండా అటూ ఇటూ చూశాడు.

"నీకు చెప్పొచ్చో లేదో తెలీట్లా అక్కా. ఆ సుబ్బమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనైతే అయింది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళమంటున్నారు. పిల్లాజెల్లా లేరాయె, తీసుకెళ్ళేదెవరు? నిన్న నన్ను చూసి ఒకటే ఏడుపు."

పుల్లమ్మ లోపలికి వెళ్ళి అతనికి కాఫీ తెచ్చింది. అతను వెళ్ళిపోయాక చాలాసేపు గుంజకు ఆనుకుని కూర్చుంది. ఆరోజు ఆమె దేవుడితో ఒక్క మాటా మాట్లాడకపోవడం మహిమ గమనించింది.

సాయంత్రం క్రాంతికుమార్ చందర్లపాడు నుంచి వచ్చాడు. అక్కడి హైస్కూల్లో టీచరు. అతను కాళ్ళు కడుక్కుని కూర్చోగానే పుల్లమ్మ చెప్పేసింది.

"రేపు జగ్గయ్యపేట వెళ్తున్నానురా. సుబ్బమ్మను తీసుకొస్తా. నడిచిందాకా ఇక్కడే ఉంటుంది."

క్రాంతి ముఖం కందగడ్డలా అయిపోయింది. "ఎవర్నీ? మన కొంప కూల్చినదాన్నా?"

"దానికిప్పుడు లేచి మంచినీళ్ళు తాగే దిక్కు లేదురా."

"మనకుందా అప్పుడు దిక్కు? నాకు టైఫాయిడ్ వస్తే భుజానేసుకుని ఆసుపత్రికి పరిగెత్తావు. ఒక్కదానివే! అప్పుడెక్కడున్నాడమ్మా నీ దేవుడు?"

"నా పక్కనే ఉన్నాడు. లేకపోతే నిన్ను మోసే సత్తువ నాకెక్కడిది?"

"నీకు కోపమే రాదా అమ్మా?"

"రాకపోవడమేంట్రా!" పుల్లమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "దాని నోట్లో మట్టి పడాలని ఎన్నిసార్లు అనుకున్నానో! అనుకున్నప్పుడల్లా ఆయన ఎదురుగా కూర్చునే ఉన్నాడు. తిట్టు నోట్లోనే ఎండిపోయేది. ఇవాళ పొద్దుట్నుంచీ చూస్తున్నా, ఆయన్ని ఎటైనా పంపించి నేను హాయిగా వద్దు పొమ్మందామని. కదల్డే! ఆయన్ని ఇంట్లో ఉంచుకుని దాన్ని వద్దని ఎట్లా అనేదిరా?"

మహిమ భర్త భుజం మీద చెయ్యి వేసింది. "ఏమండీ, నాలుగు రోజులేగా..."

క్రాంతి ఆ చెయ్యి తీసేశాడు. "ఆవిడ గుమ్మం ఎక్కితే నేను గుమ్మం దిగుతా."

అన్నంత పనీ చేశాడు. మర్నాడు మధ్యాహ్నం పుల్లమ్మ, ప్రేమదాసు కలిసి సుబ్బమ్మను వ్యానులో తెచ్చేసరికి, అతను రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకుని చందర్లపాడులో స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. సంచీ పట్టుకుని వెళ్ళాడని మహిమ చెబితే పుల్లమ్మ గడపలోనే నిలబడిపోయింది. తర్వాత చెంగుతో కళ్ళు తుడుచుకుని పక్క వేయడానికి వెళ్ళింది.

ఇన్నేళ్ళుగా పుల్లమ్మ మనసులో పెట్టుకు తిట్టింది నిండుగా పూలు పెట్టుకునే ఒక గయ్యాళిని. వచ్చింది మాత్రం ఎముకలు తేలిన ఒక ముసలి మనిషి. మంచం మీద తల తిప్పుకుని పడుకునేది. "అక్కా" అని పిలిచి ఆగిపోయేది. పుల్లమ్మ ఒళ్ళు తుడిచేది, జావ తాగించేది, పక్క దులిపేది. అంతా ముభావంగానే. ఒకనాడు తల దువ్వుతుంటే, ఈ జుట్టునేగా నా మొగుడు చూసి మురిసింది అనిపించి, చిక్కు కసిగా లాగింది. సుబ్బమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు మెదపలేదు. పుల్లమ్మ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి ఎటో చూసి, "తప్పయిందయ్యా" అని గొణిగింది. అరచేతిలో కొబ్బరినూనె వేసుకుని మెల్లగా మాడుకు రాసింది.

అప్పుడు సుబ్బమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను తిట్టక్కా. ఒక్కసారన్నా తిట్టు. ఇట్లా చెయ్యబాక, భరించలేకున్నా."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమెకు అన్నం కలిపి పెడుతూ, పుల్లమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఒకటడుగుతా. నా కోసమని అబద్ధం చెప్పొద్దు. ఆయన... నన్నెప్పుడైనా తలుచుకున్నాడా?"

అప్పుడే బట్టల కోసం వచ్చిన క్రాంతి వసారాలో చెప్పులు విడుస్తూ ఆ మాట విని ఆగిపోయాడు. గడప దగ్గరున్న మహిమ అతన్ని చూసి కూడా పలకరించలేదు.

సుబ్బమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదక్కా. నీ పేరు ఎత్తలా. పిల్లాడి పేరూ ఎత్తలా. నేనెత్తితే లేచి బయటికి పోయేవాడు."

పుల్లమ్మ తల వాల్చేసింది. చేతిలోని ముద్ద కంచంలో పడిపోయింది.

"కానీ అక్కా, ఒక సంగతుంది. కంచం ముందు కూర్చుంటే కళ్ళు మూసుకునేవాడు. క్వారీలో టైరు మీద కూర్చుని తిన్నా అంతే. తాగొచ్చిన రోజు కూడా. నాకు మొక్కులూ పూజలే తెలుసు, ఇదేంటో తెలీదు. ఏందయ్యా, ఎవరికోసం ఆగుతావు అనడిగా ఒకసారి. 'మా ఇంట్లో ఆయనకి చెప్పందే ముద్ద ముట్టేవాళ్ళం కాదు' అన్నాడు."

"మా ఇంట్లో అన్నాడా?"

"అవునక్కా. ఇరవై ఏళ్ళు నాతో ఉండి కూడా మా ఇల్లు అంటే ఆయనకి ఇదే. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. దెబ్బలాడా. ఇప్పుడు ఇక్కడికొచ్చాక, ఎవరికోసం ఆగేవాడో తెలుస్తా ఉంది."

పుల్లమ్మ ఆ ఎంగిలి చేత్తోనే ముఖం కప్పుకుంది. భర్త పోయాడన్న కబురు వచ్చిన రోజు కూడా రాని ఏడుపు, కట్ట తెగినట్టు వచ్చింది. తననూ దేవుణ్ణీ వదిలిపెట్టి వెళ్ళిన మనిషి అనుకుంది ఇన్నాళ్ళూ. వెళ్ళినవాడి వెంట తన ప్రభువు కూడా వెళ్ళాడన్నమాట. తనకు దక్కని ఆ కంచం ముందు, ఆ రాళ్ళ మధ్య, రోజూ ఆయన వెళ్ళి కూర్చున్నాడన్నమాట.

"అక్కడా ఉన్నావా అయ్యా!" అంది ఏడుస్తూనే. "నాకు చెప్పనే లేదే!"

క్రాంతికుమార్ లోపలికి వచ్చాడు. తల్లి పక్కన కూలబడి, ఆమె తలను తన భుజానికి ఆనించుకున్నాడు. సుబ్బమ్మ భయపడి చీర కొంగు సర్దుకుంటూ గోడవైపు జరగబోయింది. కదలలేక మూలిగింది.

అతను ఆమెను తేరిపార చూశాడు.  తండ్రిని ఊరంతా అన్నట్టే "ఆ స్తెఫను" అనడం చిన్నప్పటి నుంచీ అతనికి అలవాటు.

"నాన్న..." అన్నాడు. ఆ మాట తన నోటికే కొత్తగా ఉన్నట్టు ఆగి, మళ్ళీ అన్నాడు. "నాన్న ఇంకా ఏం చేసేవాడు?"

సుబ్బమ్మ పుల్లమ్మ వంక చూసింది. "చెప్పు" అన్నట్టు పుల్లమ్మ తల ఊపింది. మహిమ కంచం అందుకుని ఆ మంచం పట్టె మీద కూర్చుని, ముద్ద కలిపి సుబ్బమ్మ నోటికి అందించింది.