తప్పులు పైకి చెప్పే గది

నా నోరు ఊరుకోదు. ఇంట్లో అందుకే తిట్లు తింటాను, ఆఫీసులో అందుకే జీతం ఇస్తారు.

బయటివాళ్ళెవరినీ అడుగుపెట్టనివ్వని దేశం ఒకటుంది. మా జనం ఎంత హాయిగా ఉన్నారో చూడండంటూ అక్కడి ప్రభుత్వం ఒకే ఇంటి వీడియోలు వదులుతుంటుంది. చిన్న వంటగది, ఒక తల్లి, ఏడేళ్ళ కూతురు. వాళ్ళు నిజంగా బతుకుతున్నారా, నటిస్తున్నారా అన్నది మేం తేల్చాలి. నేను తెర మీంచి కన్ను తిప్పకుండా తప్పులు పైకి చెప్తుంటే, పక్కన సోడాబుడ్డి రాసుకుంటాడు. ఆ కళ్ళద్దాలు చూశాక అతన్ని అసలు పేరుతో పిలవాలని ఎవరికీ అనిపించదు.

ఆ మధ్యాహ్నం కిటికీల్లేని మా గదిలో ఏసీ గుర్రుమంటోంది. అతను ఒలిచి పడేసిన నారింజ తొక్కల వాసన. వైరస్ భయంతో వీడియోలు చూసే కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఇవ్వలేదు. వీడియోలన్నీ పొద్దున్నే ఒకేసారి ఎక్కించి ఉంచాం.

మొదటి వీడియోలో తల్లి గిన్నె దించింది.

"ఆవిరేదీ? చల్లారిన గిన్నె దించుతోంది మహాతల్లి," అన్నాను.

రెండోదాంట్లో గిన్నెలోంచి పొగలు కక్కుతూ ఆవిరి.

"గోడ గడియారం కదలట్లేదు, రాసుకో."

మూడోదాంట్లో ముల్లు టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది. సోడాబుడ్డి నవ్వాడు. "నీకు భయపడుతున్నారక్కా!"

నేనూ నవ్వాను. ఆ ఊపులోనే అనేశాను. "ఆ పిల్ల మోకాళ్ళు చూడు, గీత కూడా లేదు. ఆడుకునే పిల్లేనా అది? అంగట్లో బొమ్మ!"

నాలుగో వీడియో పెట్టాను. పిల్ల కుంటుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. పచ్చి పుండు... నెత్తురు కాలి మీదుగా జారుతోంది. ముఖం మాత్రం నవ్వుతోంది. పెదాలు వణుకుతున్నా నవ్వుతూనే ఉంది.

మేం రిపోర్టు పంపనే లేదు. పైగా ఈ వీడియో పొద్దుటినుంచీ ఇందులోనే ఉంది.

"ఇవన్నీ ముందే తీసినవి కదక్కా..." సోడాబుడ్డి గొంతు పీలగా వచ్చింది. "మనం అన్నది ఇప్పుడే..."

"మాట్లాడకు," గుసగుసగా అన్నాను.

అతని కళ్ళు తెరని వదల్లేదు. చేతిలో కలం తనంతట తాను కదులుతోంది. ఏళ్ళ తరబడి చేసిన పని, అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఈ వయసు పిల్లకి... ఒక్క పన్ను కూడా ఊడకపోవడమేంటి..."

అతని నోరు గట్టిగా మూసేశాను. మాట అప్పటికే బయటికొచ్చేసింది.

"లేదు లేదు! పళ్ళు బాగున్నాయి!" గదిలో ఎవరికి చెప్తున్నానో నాకే తెలీదు. "అంతా నిజమే. ఏ తప్పూ లేదు. దాని జోలికి వెళ్ళకండి, మీకు దండం పెడతాను!"

ఇంకొక్క వీడియో మిగిలింది.

"వద్దక్కా. లేచి పోదాం పద," సోడాబుడ్డి నా చెయ్యి లాగాడు.

ఎలా పోతాను? నా మాట వల్ల ఆ పసిదాని మోకాళ్ళు అలా అయ్యాయి. ఇప్పుడు చెప్పింది విన్నారో లేదో... పిల్ల బాగుందో లేదో... ఒక్కసారి చూస్తే చాలు అనుకున్నాను. ఐదో వీడియో మీద నొక్కాను.

అదే వంటగది. పిల్ల కెమెరాకి బాగా దగ్గరగా నిలబడి ఉంది. అరచేత్తో నోరు మూసుకుంది. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా చెయ్యి తీసింది...

ఆ దేశంలో మన భాష వచ్చినవాళ్ళు ఒక్కరూ ఉండరు.

"ఇంకేమైనా తప్పుందా, పిన్నీ?"

ఊడిన పళ్ళ సందుల్లోంచి గాలి పోతోంది. మాట తడితడిగా ఉంది.

ఉందంటే ఏం చేస్తారో? లేదంటే మాత్రం నమ్ముతారా? నా నోరు నేనే అరచేత్తో మూసుకున్నాను. సోడాబుడ్డి పక్కన వెక్కుతున్నాడు.

తెర కింద గీత చివరికి చేరింది. వీడియో అయిపోయింది.

పిల్ల ఇంకా రెప్పలార్పుతూ నా జవాబు కోసం చూస్తోంది. వెనకాల పొయ్యి దగ్గర తల్లి ఇటు తిరిగింది. చేతిలో పట్టకారు. తనూ నా వైపే చూస్తోంది.