నలుపు మీద నలుపు

ఉదయం పదకొండింటికి కంప్యూటర్ల షాపు తెరిచే ఉంది. యజమాని మాత్రం కుర్చీలో కూర్చునే చచ్చిపోయి ఉన్నాడు.

మెడ మీద సూది గుచ్చిన గుర్తు. ఎదుట సగం విప్పిన కంప్యూటర్ కేబినెట్. చొక్కా జేబులో ఒక కొటేషన్ కాగితం. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అంటూ వరసగా రాసుకున్నాడు. ఆఖరి వరస ఎవరో చింపుకుపోయారు.

గూఢచారి విభాగం చీఫ్ తన ఆఫీసులో ఆ కాగితాన్ని మేస్త్రి ముందుకు తోశాడు. మేస్త్రి అసలు పేరు ఫైళ్లలో తప్ప ఎక్కడా లేదు. డిపార్టుమెంటులో ఏ మెషిన్ కట్టాలన్నా, విప్పాలన్నా అతనే. అలా ఆ పేరు అంటుకుపోయింది.

"మనవాడేనా సార్?"

"తొమ్మిదేళ్లుగా. పైకి షాపు, లోపల మన పని. పోయిన వారం ఒక ఆర్డరొచ్చిందని చెప్పాడు. డిజిటల్ ఆర్టిస్టు కోసం వర్క్‌స్టేషన్. ఇప్పించేది పరాయి ముఠా. యుద్ధమొస్తే ఆయుధాలమ్ముకునే జాతి."

"వాళ్లకి బొమ్మలెందుకు?"

"సోమవారం సాయంత్రం ఐదింటికి పక్క దేశంతో ఒప్పందం మీద సంతకాలు. సరిగ్గా అప్పుడే మన సేనాధిపతి టీవీలో కనబడి, దాడి మొదలుపెట్టామంటాడు. నలభై సెకన్లు. ఆయన కాదు, దొంగ వీడియో. కానీ ఆ సంగతి తేలేలోపు సరిహద్దులో రెండు ఊళ్లు మిగలవు."

"టీవీవాళ్ల దగ్గర దొంగ వీడియోలు పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది కదా సార్."

"కంప్యూటర్ గీసిన ముఖాన్ని పట్టుకుంటుంది. మనిషి చేత్తో ఫ్రేము ఫ్రేముకీ దిద్దిన ముఖాన్ని పట్టుకోలేదు. వెయ్యి ఫ్రేములు. అందుకే ఆర్టిస్టు. అందుకే మెషిన్."

"ఇప్పుడే మీద పడి పట్టేస్తే?"

"టీవీ కేంద్రంలో వాళ్ల మనిషెవడో తెలీదు. వాడు మాయమైపోయి ఇంకో ఊళ్లో ఇంకో ఆర్టిస్టుతో మళ్లీ మొదలుపెడతాడు. వీడియో బయటికి రావాలి. వచ్చి నవ్వులపాలవ్వాలి."

చీఫ్ సొరుగులోంచి అరచేతిలో పట్టే నల్లటి బిళ్ల ఒకటి తీశాడు. కలర్ కాలిబ్రేటర్. స్క్రీన్ మీద పెడితే రంగుల్ని కొలిచి సరిచేస్తుంది. ఈ బిళ్ల మాత్రం అబద్ధమాడుతుంది. చీకటిని వెలుతురుగా చదువుతుంది. దాంతో స్క్రీన్ మరీ నల్లబడి నీడల్ని మింగేస్తుంది. మెడ కింద, చెవి వెనక అతికిన అతుకులు ఆ ఒక్క స్క్రీన్ మీద కనబడవు. ఇళ్లలో టీవీల మీద స్పష్టంగా కనబడతాయి.

"షాపతని బదులు మెషిన్ కట్టడానికి నువ్వెళ్లు. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. మేడమ్ అంటారు. తెల్ల కేబినెట్ దొరుకుతుందా అని అడుగుతుంది. తెలుపైతే దుమ్ము కనబడుతుందను. ఈ బిళ్ల సంగతి మాత్రం ఆవిడక్కూడా చెప్పకు."

"ఆర్టిస్టు సంగతేంటి సార్?"

చీఫ్ ఫైలు మూసేశాడు. "పనయ్యాక ఆవిడని వాళ్లు ఉంచరు. నీ పని వీడియో."

*

మూతబడ్డ పళ్ల ఆసుపత్రి మూడో అంతస్తు. పేషెంట్ల కుర్చీ గది మధ్యలోనే మిగిలిపోయింది. దాని పక్కన పెద్ద బల్ల. కిటికీలన్నిటికీ మందపాటి తెరలు. తలుపు దగ్గర లావుపాటి గార్డు.

మేడమ్ పట్టుచీర కట్టుకుని గుప్పున సెంటు వాసనతో వచ్చింది. చూపు తిప్పుకోలేని మనిషి. ఎవరూ చూపు తిప్పుకోకపోవడం ఆమెకి అలవాటైపోయింది.

"షాపాయనకి ఒంట్లో బాలేదటగా. నువ్వొచ్చావా? తెల్ల కేబినెట్ దొరుకుతుందా?"

"తెలుపైతే దుమ్ము కనబడుతుంది మేడమ్."

ఆమె రెప్పలు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆడాయి.

చిత్రకారిణికి నలభై ఐదుంటాయి. చిన్నపిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. మోచేతుల దాకా నూలు చొక్కా, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. సినిమా పనని చెప్పి తీసుకొచ్చారు. మేస్త్రి పెట్టెలు దింపుతుంటే పెళ్లి సారె చూసినట్టు చూసింది.

"పన్నెండేళ్ల నుంచి ఒకటే డబ్బాతో తంటాలు పడుతున్నా తమ్ముడూ. ఒక బ్రష్ గీత గీస్తే అది ఆలోచించుకుని, ఆలోచించుకుని, ఎప్పటికో గీసేది. ఈలోగా నేను పప్పు పోపు పెట్టుకొచ్చేదాన్ని."

మేస్త్రికి నవ్వొచ్చింది. మరుక్షణం చీఫ్ ఫైలు మూసేయడం గుర్తొచ్చింది.

"మీకు ప్రాసెసర్‌లో కోర్లు మరీ ఎక్కువుండక్కర్లేదక్కా. ఒక్కో కోరు వేగంగా ఉండాలి. బ్రష్ వెంటనే కదలాలంటే అదే ముఖ్యం."

"మరి మెమరీ? పెద్ద బొమ్మకి నూటయాభై లేయర్లు వేస్తాను నేను."

"నూట ఇరవై ఎనిమిది జీబీ పెడుతున్నా. గ్రాఫిక్స్ కార్డులో ఇరవై నాలుగు. సిస్టమ్‌కి ఒక ఎస్‌ఎస్‌డీ, మీ ఫైళ్లకి ఇంకోటి. మానిటర్ టెన్ బిట్‌ది, ఆకాశం గీసినా చారలు కట్టదు."

"ఫ్యాన్ మోత లేకుండా చూడు నాయనా. మా ఆయన గురక చాలు నాకు."

గ్రాఫిక్స్ కార్డు పెట్టెని ఆమె రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది. "చంటిపిల్లంత ఉంది," అంది. ఆ ముఖంలో వెలుగు చూసి మేస్త్రి తల దించుకుని స్క్రూలు బిగించాడు.

మేడమ్ దగ్గరికొచ్చి ఒక్కో పెట్టె మీది అంకెలు చదివింది. ఆమెకి ఈ సరుకు బాగా తెలుసు. చివరికి కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ పెట్టె చేతిలోకి తీసుకుంది.

"వెయ్యి వాట్లు. మంచిది. ముందతను ఐదొందల యాభై రాశాడు. పూర్తి లోడు పడగానే మెషిన్ ఠపీమని ఆగిపోయేది."

మేస్త్రి చేయి స్క్రూ మీదే ఆగింది.

కొటేషన్‌లో చింపేసిన వరస అదే. షాపతను మెషిన్ మధ్యలో ఆగిపోయేలా ఎత్తు వేశాడన్నమాట. ఆ వరసలో ఏముందో తెలిసింది ఇద్దరికే. రాసిన అతనికి, అతన్ని చంపి చింపుకుపోయిన మనిషికి.

"మిగతాదంతా నేను చూసుకుంటాను," మేడమ్ అతని చెవిలో గుసగుసగా అంది. "నువ్వు మెషిన్ బాగా కట్టు చాలు."

"అలాగే మేడమ్," అన్నాడు మేస్త్రి. కోడ్ మాటలతో సహా మేడమ్ అవతలివాళ్లకి అమ్ముడుపోయింది. తనెవరో ఆమెకి తెలుసు. మెషిన్ నడవడానికి ఒక మనిషి కావాలి కాబట్టి తను బతికున్నాడు. సోమవారం సాయంత్రానికి ఈ గదిలోంచి రెండు శవాలు దిగుతాయి.

అతను బిళ్ల తీసి మానిటర్ మీద వేలాడదీశాడు. పది నిమిషాల్లో రిపోర్టు వచ్చింది. అన్నీ పచ్చ టిక్కులే. మేడమ్ చదివి తలాడించింది.

*

"మెషిన్ ఆగితే బాగుచేయాలి, నువ్వూ ఇక్కడే ఉండు," అన్నారు. గార్డు అతని ఫోన్ లాక్కున్నాడు. ఐదు రోజులు గది దాటలేదు.

చిత్రకారిణి గీసింది. రెండో రోజే ఆమె మాటలు తగ్గాయి. తను గీస్తున్న ముఖం ఏ నటుడిదీ కాదని గుర్తుపట్టింది. ఇంటికి ఫోన్ చేసుకుంటానంటే మేడమ్ నవ్వుతూనే వద్దంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె పెన్ను ఆపేసింది.

"తమ్ముడూ, ఇలా రా. ఈ నల్లకోటు మడతలు చూడు. రంగు అంకెల్లో తేడా ఉంది. ఇక్కడ తొమ్మిది, ఇక్కడ పద్నాలుగు. స్క్రీన్ మీదేమో అంతా ఒకటే నలుపు."

పేషెంట్ల కుర్చీలో పడుకుని పత్రిక తిప్పుతున్న మేడమ్ తలెత్తింది.

"ఏమైంది?"

చిత్రకారిణి స్క్రీన్ వైపు చూసింది. మానిటర్ మీద ఎవరు బిళ్ల పెట్టారో గుర్తు చేసుకున్నట్టు మేస్త్రి వైపు చూసింది. తర్వాత తలుపు దగ్గర గార్డు నడుముకున్న తుపాకీ వైపు.

"ఏం లేదు మేడమ్. కళ్లు లాగుతున్నాయి."

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగింది. ఆ తర్వాత ఆమె బొమ్మ కన్నా పక్కనున్న అంకెలనే ఎక్కువగా చూసింది.

*

సోమవారం నాలుగున్నరకి పని పూర్తయింది.

"పంపేముందు నా లాప్‌టాప్‌లో ఒకసారి చూస్తా," అంది మేడమ్.

కాపీ అవడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఫైలు తెరవగానే లాప్‌టాప్ మొదటి ఫ్రేము చూపించి బిగుసుకుపోయింది. అంత బరువైన ఫైలు దానికి పడలేదు. మేస్త్రి వంగి చూశాడు.

సేనాధిపతి. నల్లకోటు. మెడ దగ్గర అతుకు లేదు. చెవి వెనక లేదు. వెన్నలా కలిసిపోయింది.

స్క్రీన్ మోసం ఆమె పసిగట్టి, అంకెలు చూసుకుంటూ అన్నీ సరిదిద్దేసింది. పని మీద ప్రేమ ఉన్న మనిషి ఇంకేం చేస్తుంది? ఒక్క మాట ముందే చెప్పుంటే! ఇప్పుడా రెండు ఊళ్లు తన మెడకే.

"అద్భుతం," అంది మేడమ్. ఫైలు టీవీ కేంద్రానికి వెళ్లిపోయింది.

నాలుగూ యాభై తొమ్మిది. గోడ టీవీలో సంతకాల బల్ల, పూలగుత్తులు. మేడమ్ చేతిసంచీ తెరిచింది. గార్డు తలుపుకి గడియ పెట్టాడు. మేస్త్రి జేబులో స్క్రూడ్రైవర్ బిగించి పట్టుకున్నాడు.

ఐదు. తెర మినుక్కుమంది. సేనాధిపతి ప్రత్యక్షమయ్యాడు.

"ప్రియమైన ప్రజలారా..."

ఐదో సెకనులో ఆయన నల్లకోటు మీద బూడిదరంగులో అక్షరాలు తేలాయి. భుజం నుంచి భుజం దాకా, పిల్లల పుస్తకాల అట్టల మీది గుండ్రటి చేతిరాతలో:

ఇది బొమ్మ. నమ్మకండి.

మానిటర్ మీద ఆ చోట ఇప్పటికీ నలుపే. నలుపు మీద నలుపుతో ఎనిమిది వందల పైచిలుకు ఫ్రేముల్లో రాసింది ఆమె. మొదటి ఫ్రేములు మాత్రం శుభ్రంగా వదిలింది.

మేడమ్ చేతికి పిస్తోలు వచ్చింది. మేస్త్రి దూకాడు. స్క్రూడ్రైవర్ ఆమె మణికట్టులో దిగింది, కానీ గుండు అప్పటికే వెళ్లిపోయింది. చిత్రకారిణి అడ్డం పెట్టుకున్న కుడి అరచేతిలోంచి దూసుకుపోయి గోడలో దిగబడింది. జారిపడిన పిస్తోలుని మేస్త్రి అందుకుని గార్డుని కాల్చాడు. ఆ చప్పుడుకి వీధిలో కాపు కాస్తున్న డిపార్టుమెంటువాళ్లు తలుపు విరగ్గొట్టుకుని వచ్చారు. అదే నిమిషంలో టీవీ కేంద్రంలో ఫైలు ఎక్కించినవాడు మెట్ల మీద దొరికాడు.

ఒప్పందం మీద ఐదూ పదికి సంతకాలయ్యాయి.

ఆసుపత్రిలో చిత్రకారిణి చేతికట్టు వైపే చూస్తూ పడుకుంది. రెండు వేళ్లు ఇక ముడవవని డాక్టరు చెప్పి వెళ్లాడు.

"నాకు ఒక్క మాట చెప్పాల్సింది తమ్ముడూ."

"చెప్పే వీల్లేకపోయిందక్కా."

"వీల్లేకనా? మనసొప్పకనా?"

ఎడమ చేత్తో గీయడం నేర్చుకుంటానంది ఆమె. ఆ మెషిన్ ఇప్పించగలవా అని అడిగింది. ఆ ఒక్కటే అడిగింది.

అతను అర్జీ పెట్టాడు. సాక్ష్యాధారం కనుక ఇవ్వడం కుదరదని జవాబొచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే జవాబు. మూడు నెలల తర్వాత సాక్ష్యాధారాలు దాచే ఆఫీసుకి స్వయంగా వెళ్లాడు. ఆ మెషిన్ ముందు గుమస్తా ఒకతను కూర్చుని, రెండు వేళ్లతో ఎవరిదో సెలవు చీటీ టైపు చేస్తున్నాడు.

మేస్త్రిని చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"మెషిన్ల సంగతి చూసేది మీరేనట కదా సార్? ఇది బాగా స్లోగా ఉందండీ. కాస్త మంచిది ఇప్పించండి."