గొడుగుల షావుకారు పేరు

బజారు నడిబొడ్డున ఉన్న ఆ రెండంతస్తుల మేడంటే అందరికీ హడలు. దీపాలు వెలిగాక దాని వసారాలోంచి నడిచేవాళ్లని వెనకనుంచి ఎవరో మెల్లగా అడుగుతారట... “గుర్తుపట్టారా?” అని. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ధైర్యం చేసి “లేదండీ” అన్న పోస్టుమాన్ వారంపాటు మంచం దిగలేదని చెప్పుకుంటారు. ఊళ్లో అందరి పేర్లూ తెలిసినవాడికి ఆ మాత్రం శాస్తి జరగాల్సిందేనని నవ్వేవాళ్లూ ఉన్నారు.

రికార్డు గది గుమాస్తా ఇవేవీ నమ్మేవాడు కాదు. అతని బెంగ వేరు. ఆ మేడపైన అతని అక్క ముప్ఫయ్యేళ్లుగా టైపు నేర్పుతోంది. బావ పోయాక ఆమెకున్న ఆధారం అదొక్కటే. కట్టించినవాడి పేరు, సంవత్సరం చూపిస్తే పాత కట్టడాల జాబితాలో చేరుస్తాననీ, లేకపోతే పడగొట్టేస్తారనీ ఆఫీసరు చెప్పేశాడు. మర్నాడు పొద్దున్నే గడువు.

కట్టించింది ఒక గొడుగుల వ్యాపారి. అంతవరకే తెలుసు. గుమాస్తా మూడు నెలలు కాగితాలు తిరగేశాడు. పన్ను రసీదుల్లో, పాత చిరునామాల పుస్తకంలో, ఆఖరికి శ్మశానం రిజిస్టరులో కూడా “గొడుగుల షావుకారు” అనే ఉంది. ఊరందరి తలలూ తడవకుండా చూసిన మనిషి పేరు ఒక్కరికీ పట్టలేదు. గుమాస్తాకి అతని మీద జాలేసింది.

ఆ సాయంత్రం ఉన్నట్టుండి తోచింది — మేడ కింది కొట్టులో కొత్తగా దిగినవాడెవడూ గోడమీది పాత పేరు గీకడు కదా... దానిమీదే సున్నం కొట్టి తన పేరు రాయించుకుంటాడు!

పరుగున వెళ్లి నిచ్చెన వేశాడు. అప్పటికే చీకటి పడింది. టార్చి చంకలో ఇరికించుకుని రేకుతో గీకడం మొదలెట్టాడు. బీమా కంపెనీ పోయింది... దాని కింద గడియారాల కొట్టు... దాని కింద సోడాల కొట్టు...

“గుర్తుపట్టారా?”

చెవి పక్కనే. నేలకి పదడుగుల ఎత్తున.

దిగిపోదామనుకున్నాడు... అక్క గుర్తొచ్చింది. తల తిప్పకుండానే, “ఇంకొక్క పొరండీ...” అని గొణిగి గీకాడు.

ఎర్రటి అక్షరాలు. పూర్తి పేరు, కింద సంవత్సరం. రెండుసార్లు పైకే చదివాడు. వెనక ఎవరో నిట్టూర్చినట్టయింది... ఎలా దిగాడో తెలీదు, అక్క వాకిట్లో వచ్చి పడ్డాడు. చేతులైనా కడుక్కోకుండా తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు.

పొద్దున్నే ఆఫీసరు నిచ్చెనెక్కి అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. దిగొచ్చి ఆ వేలు అక్కాతమ్ముళ్లకి చూపించాడు. ఎర్రగా తడి.

“తొంభై ఏళ్లనాటి రంగు ఇంకా ఆరలేదా?” అని జాబితా మూసి వెళ్లిపోయాడు.



అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. “నా కోసం ఇంత పని చేశావా తమ్ముడూ...” అంటూ, నలుగురూ చూడకముందే రంగు తుడిచేద్దామని అతని చేతులు కొంగులోకి లాక్కుంది.

అరచేతుల్లో సున్నం. గోళ్ల సందుల్లో సున్నం. ఎర్ర మరక ఒక్కటీ లేదు.

అక్క ఆ చేతులు వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

“మరి... ఎవరు రాశార్రా?”