పక్కన ఈదేది ఎవరు?

"పాత హోస్‌లన్నీ తీసేసి కొత్తవి వెయ్యాలి. ఒకటి మాత్రం బాగా పొడుగ్గా ఉండాలి," అంటూ ఆమె నీళ్లలో ఊపిరి తీసుకునే రెగ్యులేటర్‌ని కౌంటర్ మీద పెట్టింది. బయట వాన. జడ కొస నుంచి నీళ్లు కారుతున్నాయి.

డైవింగ్ సామాన్లు బాగుచేసే ఆ కుర్రాడు హోస్‌ని బిగింపు దగ్గర వంచి చూశాడు. రబ్బరు నిండా సన్నటి పగుళ్లు.

"వీటితోనా నీళ్లలోకి దిగుతున్నారు? ప్రాణం మీద తీపి లేదా?"

"ఉంది కాబట్టే తెచ్చాను. తిట్లు ఫ్రీయేనా?"

అతను నాలిక కరుచుకున్నాడు. "పొడుగంటే ఎంతండీ?"

"అవసరమైతే పక్కనున్న మనిషి నా ట్యాంక్‌లోంచి ఊపిరి తీసుకునేంత."

పక్కనున్న మనిషి! ఆ మాట అతని బుర్రలో తిష్ఠ వేసుకుంది. ఎవరని అడిగేంత చనువు లేదు. శుక్రవారం రమ్మన్నాడు.

శుక్రవారం ఆమె వచ్చింది. "పొడుగు హోస్ ఇంకా రాలేదండీ," అని అబద్ధమాడాడు. "ఆ రెండో మనిషి ఎత్తు తెలిస్తే కొలత చూసుకోవచ్చు."

"నా భుజం దాకా."

పొట్టివాడన్నమాట! ప్రాణం కాస్త కుదుటపడింది. "నీళ్లకి కొత్తా?"

"కొత్తే. భయం కూడాను. చెయ్యి వదలకుండా తీసుకెళ్లాలి."

కుదుటపడ్డ ప్రాణం మళ్లీ ఉసూరుమంది.

ఆ తర్వాత వచ్చినప్పుడు ఆమె వెంట ఒక పెద్దావిడ ఉంది. "మా అమ్మ. పక్కన ఈదేది ఈవిడే."

అతని ముఖం చాటంతయింది. వెంటనే స్పానర్ అందుకున్నాడు. పాత హోస్‌లు విప్పాడు, గాలి కారకుండా ఓ-రింగ్‌లు చూసుకుని కొత్తవి బిగించాడు, ట్యాంక్‌కి తగిలించి నీళ్ల తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగా రాలేదు.

"అయిపోయిందా?" అంది తల్లి. "మరి ఇన్నాళ్లూ ఏం చేశావు బాబూ?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇచ్చేస్తే మళ్లీ రారేమోనని... తప్పేనండీ."

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంత చిన్న పనని నాకు తెలీదా? నా హోస్‌లు ఎప్పుడూ నేనే మార్చుకుంటాను."

"మరి ఈసారి ఇక్కడికెందుకు తెచ్చావే?"

కూతురు గుమ్మం వైపు తిరిగి జడ సవరించుకుంది.

తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇది రోజూ నీళ్ల కింద ఏం చూస్తుందో ఒక్కసారి చూడాలని నా ఆశ. గుండె మాత్రం దడదడలాడుతోంది. ఆదివారం నువ్వూ రా బాబూ, రెండో చెయ్యి పట్టుకుందువుగాని."

ఆదివారం ముగ్గురూ దిగారు. మొదట ఆవిడ పట్టుకి ఇద్దరి వేళ్లూ నలిగిపోయాయి. ఇంతలో వెండిరంగు చేపల గుంపు ఒకటి వాళ్ల చుట్టూ తిరిగింది. ఆవిడ కళ్లు విప్పారాయి, పట్టు సడలింది.

నీళ్లలో మాట్లాడే వీల్లేదు. ఆవిడ కూతురి చేతిని తీసి అతని చేతిలో పెట్టి, తాను అమ్మాయి రెండో పక్కకి చేరి భుజం పట్టుకుంది.

ఇద్దరి నోళ్ల నుంచీ ఒక్కసారే బుడగలు గుప్పున లేచాయి.